పెరటి కోళ్ల గూడు: వెలుతురు, పైకప్పు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పెరట్లో ఐదారు పెట్టలు, ఒక పుంజు పెంచుకోవాలనుకునేవారు గూడు కట్టే ముందూ, కట్టిన తరువాతా అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ఒకరికి చెప్పినదే మరొకరికి చెప్పవలసి వస్తోంది కనుక అన్నింటినీ ఒకచోట పెట్టాను. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది. ఇవన్నీ తెలుగు నేల ఎండకూ వానకూ సరిపడే మాటలు. చలి దేశాల గూళ్ల బొమ్మలు చూసి నాలుగు వైపులా చెక్కతో బిగించి కట్టిన గూళ్లలో మన కోళ్లు మే నెలలో విలవిల్లాడుతున్నాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

## స్థలం, దిక్కు చూసుకునేటప్పుడు

గూడు రాత్రి పడుకోవడానికే కదా, దానికి వెలుతురు ఎందుకు?

మీరు నిద్ర లేచి తలుపు తీసేదాకా కోళ్లు అందులోనే ఉంటాయి. ముసురు పట్టిన రోజుల్లో, ఊరు వెళ్లిన రోజుల్లో పగలంతా అందులోనే. పెట్ట గుడ్డు పెట్టాలా వద్దా అన్నది దాని ఒంటికి అందే పగటి వెలుతురును బట్టి ఉంటుంది. ఆ వెలుతురు కళ్ల నుంచే కాదు, పుర్రె గుండా నేరుగా మెదడుకు కూడా చేరుతుంది. పొద్దు పెరిగే కాలంలో గుడ్లు పెరగడం, తగ్గే కాలంలో ఈకలు రాలి గుడ్లు ఆగిపోవడం ఈ కారణంగానే. ఇంకొక మాట: చీకటి గూటిలో నేల మీద పరిచిన ఊక ఆరదు. తడి ఊకలో రెట్ట కుళ్లి కళ్లు మండే ఘాటు పుడుతుంది, రక్త విరేచనాల జబ్బు పెరుగుతుంది.

గూడు పొడవు ఏ దిక్కుకు ఉండాలి?

పొడవు తూర్పు పడమరలుగా, వెడల్పు ఉత్తర దక్షిణాలుగా. పెద్ద కోళ్ల ఫారాలు కూడా మన దగ్గర ఇలాగే కడతారు. ఎందుకో ఒకసారి ఎండను గమనిస్తే తెలుస్తుంది. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకు నీడ పడదు. సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అంటే వేసవి మధ్యాహ్నపు ఎండ కప్పు మీదే పడుతుంది, పక్క గోడల మీద కాదు. పక్కల నుంచి బాధపెట్టేది సాయంత్రపు పడమటెండ. పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఆ ఎండకు తగిలేది చిన్న గోడ ఒక్కటే. దాన్ని పూర్తిగా మూసేయండి.

డిసెంబరులో సంగతి వేరు. అప్పుడు మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. 3 అడుగుల చూరు, 6 అడుగుల ఎత్తు ఉన్న దక్షిణపు జాలీ వైపున, చూరు నీడ పైన మూడున్నర అడుగుల మీదే పడుతుంది. కింది భాగం గుండా వెచ్చని ఎండ లోపలికి వస్తుంది. మేలో అదే చూరు ఎండను బయటే ఆపుతుంది. ఏ యంత్రమూ లేకుండా, కాలాన్ని బట్టి తెరుచుకుని మూసుకునే కిటికీ ఇది. తూర్పు గోడను కూడా జాలీగా వదిలితే ఉదయపు ఎండ నేల మీద పడి ఊక ఆరుతుంది.

వాస్తు ప్రకారం ఏ మూల కట్టాలి?

పశువుల పాకలకు వాయవ్యం చెప్పే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. మీ ఇంటి నమ్మకాన్ని బట్టి మూల ఎంచుకోండి. ఆ మూలలో నీరు నిలవకూడదు, గాలి ఆడాలి. ఏ మూల కట్టినా గూటి పొడవు తూర్పు పడమరలుగా ఉండేలా చూడండి.

వేప చెట్టు కింద కడితే కప్పు గురించి ఇంత ఆలోచించాలా?

చెట్టు నీడకు సాటి ఇంకేదీ లేదు. ఆకుల నుంచి ఆవిరయ్యే తేమ కింది గాలిని కూడా చల్లబరుస్తుంది. వేప, గానుగ, చింత మంచివి. మునగ తొందరగా పెరుగుతుంది కానీ దాని కొమ్మ పెళుసు, గాలికి విరిగి రేకు మీద పడుతుంది. చెట్టు ఉన్నా కప్పు కావాలి: చెట్టు వానను ఆపదు, ఆగిన వాన తరువాత గంటసేపు చినుకులు రాలుస్తూనే ఉంటుంది. గూడు మరీ మొదలు పక్కనే కాకుండా, మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా చెట్టు నీడ పడే చోట కడితే ఉదయపు ఎండా దక్కుతుంది, సాయంత్రపు చల్లదనమూ దక్కుతుంది. కప్పు మీదకు వాలిన కొమ్మలు కొట్టేయండి; పిల్లికి అవే నిచ్చెనలు.

మాకు పెరడు లేదు. మేడ మీద పెంచవచ్చా?

పెంచవచ్చు, అయితే అక్కడ ఎండ రెండు వైపుల నుంచి కాలుస్తుంది. కప్పు పైనుంచి, స్లాబు కింద నుంచి. పగలు వేడెక్కిన స్లాబు రాత్రి చాలాసేపటి వరకు సెగ కక్కుతూనే ఉంటుంది. గూటిని కనీసం 2 అడుగుల ఎత్తు కాళ్ల మీద నిలబెట్టండి, కింద గాలి ఆడనివ్వండి. గూటి చుట్టూ నాలుగడుగుల మేర స్లాబుకు సున్నం పూయండి. కప్పుకు ఒక అడుగు ఎత్తులో షేడ్ నెట్ కట్టండి. మెట్ల గదికి తూర్పు వైపున పెడితే మధ్యాహ్నం దాటగానే గోడ నీడ వస్తుంది. మేడల మీద గాలి వేగం ఎక్కువ కాబట్టి గూటిని పిట్టగోడకో స్తంభానికో కట్టడం మరవకండి. పక్కింటివారితో ముందే ఒక మాట చెప్పడం కూడా మంచిది.

## పైకప్పు ఎంచుకునేటప్పుడు

తాటాకు, పెంకు, రేకు: మూడింట్లో ఏది వేయమంటారు?

ఐదు నుంచి పదిహేను కోళ్లున్న ఇంటికి, దొరికితే పెంకే నా ఎంపిక. పాత ఇళ్లు కూల్చిన చోట బంగాళా పెంకులు తక్కువ ధరకు దొరుకుతాయి. పెంకుల సందుల్లోంచి వేడి గాలి తనంతట తానే పైకి పోతుంది. ఒకటి పగిలితే ఆ ఒక్కటే మారుస్తాం. బరువు ఎక్కువ కాబట్టి వాసాలు గట్టివి కావాలి. కోతులు తిరిగే ఊళ్లలో మాత్రం పెంకు నిలవదు.

చల్లదనంలో తాటాకుదే మొదటి స్థానం. మందంగా కప్పిన తాటాకు పాకలోకి మే నెల మధ్యాహ్నం అడుగు పెడితే ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. కానీ రెండు మూడేళ్లకోసారి కమ్మలు మార్చాలి, కప్పడం వచ్చిన మనుషులు తగ్గిపోతున్నారు, ఎలుకలూ పురుగులూ చేరతాయి, నిప్పురవ్వ పడితే క్షణాల్లో అంటుకుంటుంది. వంట పొయ్యికీ, దీపావళి టపాసులు కాల్చే వాకిలికీ దూరంగా ఉంటేనే తాటాకు వేయండి.

రేకు త్వరగా పూర్తవుతుంది, ఏళ్ల తరబడి కారదు, పిల్లీ ముంగిసా చొరబడవు. దాని దోషం వేడి ఒక్కటే. ఆ వేడిని ఆపే ఏర్పాటుకు కూడా డబ్బు పక్కన పెట్టుకుంటేనే రేకు వేయండి.

ఇంట్లో పాత జింకు రేకులు మిగిలాయి. వాటినే వేయవచ్చా?

వేయండి, కానీ ఒంటి పొరగా వద్దు. కాలిన రేకు కింది గాలిని వేడి చేయడమే కాదు, కోడి వీపు మీదకు నేరుగా సెగ కొడుతుంది. రేకుకు ఆరు అంగుళాల కింద వెదురు తడిక కట్టండి. రెండింటి మధ్యా రెండు చివరలా గాలి పోయేలా తెరిచి, ఎలుకలు దూరకుండా సన్న జాలీ కొట్టండి. రేకు పైన తెల్ల సున్నం వేయండి. తడిక, సున్నం, 8 అడుగుల నడిమి ఎత్తు, ఈ మూడూ ఉంటే జింకు రేకు కింద కూడా కోళ్లు హాయిగా ఉంటాయి. ఏ ఒక్కటీ లేని నాలుగడుగుల రేకు డబ్బా మాత్రం వేసవిలో పొయ్యి.

సిమెంటు రేకులు ఆరోగ్యానికి మంచివి కావంటారు, నిజమేనా?

వాటిలో ఆస్బెస్టాస్ నార కలిసి ఉంటే నిజమే. ఆ నార దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్‌కు దారితీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. కప్పు మీద పగలకుండా ఉన్న రేకు కన్నా, కోసేటప్పుడు, రంధ్రాలు వేసేటప్పుడు, విరిచేటప్పుడు లేచే దుమ్ముతో ప్రమాదం ఎక్కువ. కొత్తగా కొనేవారు ఆస్బెస్టాస్ లేని రేకులు అడిగి తీసుకోండి. పాతవి ఉంటే కోయకుండా ఉన్న కొలతకే గూడు కట్టుకోండి. చీపురుతో పొడిగా రుద్దవద్దు. పగిలిన ముక్కలను తడిపి, సంచిలో మూట కట్టి తీసేయండి. వాటిని దారి గుంతల్లో పోసే అలవాటు మానాలి.

పాత ఫ్లెక్సీలు కప్పితే సరిపోతుందా?

ఒంటిగా కప్పితే సరిపోదు. ఎండకు ఏడాదిలోపే పెళుసెక్కి చీలుతుంది, గాలికి టపటప కొట్టుకుంటూ కోళ్లను రాత్రంతా బెదరగొడుతుంది. తాటాకు కిందో గడ్డి కిందో పొరగా పరిస్తే మాత్రం బాగా పనికొస్తుంది: పైన ఆకు ఎండను ఆపుతుంది, కింద ఫ్లెక్సీ వానను ఆపుతుంది. కొప్పు దగ్గర రెండు వైపుల ఫ్లెక్సీలను కలిపి బిగించకుండా, గాలి పోయే సందు వదలండి.

వెలుతురు కోసం కప్పులో ఒక ఫైబర్ రేకు పెట్టమని మేస్త్రి అంటున్నాడు. పెట్టాలా?

నన్ను అడిగితే వద్దంటాను. మన దగ్గర వెలుతురుకు కొరత లేదు, నీడకే కొరత. రెండు పక్కలా జాలీ ఉన్న గూటికి వెలుతురు పక్కల నుంచే కావలసినంత వస్తుంది. కప్పులోంచి వచ్చే వెలుతురు ఎండను వెంటబెట్టుకుని వస్తుంది. ఉత్తరం వాలుకు పెడితే ఎండ పడదని కొందరు చెబుతారు. చలి దేశాల్లో ఆ మాట సరే. మన దగ్గర మే నుంచి ఆగస్టు మొదటి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తినో, కొద్దిగా ఉత్తరానికో ఉంటాడు. ఉత్తరపు వాలు కూడా కాలుతుంది.

రెండు పక్కలా ఇళ్ల గోడలు ఉండి, జాలీకి చోటు లేని ఇరుకు సందులో గూడు కట్టక తప్పనివారికి ఫైబర్ రేకు అవసరమే. అప్పుడు పది అడుగుల గూటికి ఒక అడుగు వెడల్పు పట్టీ చాలు. అది గుడ్ల పెట్టె మీదా, కోళ్లు రాత్రి వాలే కర్ర మీదా కాకుండా నడిచే చోటు మీద ఉండాలి. మార్చిలో దాని మీద గోనె పట్టా పరచి, తొలకరి పడ్డాక తీయండి. నాలుగైదేళ్లకు పచ్చబడి వెలుతురు తగ్గుతుంది, మార్చుకోవాలి.

గాజు కప్పు లోంచి ఎండ పడితే కోళ్లకు డి విటమిన్ అందుతుందా?

అందదు. చర్మంలో ఆ విటమిన్ తయారు కావడానికి కావలసిన అతినీలలోహిత కిరణాలను గాజూ, పాలికార్బనేట్ షీటూ ఆపేస్తాయి. కోడి నేరుగా ఎండలోకి రావాలి. పగలు కాసేపు పెరట్లో తిరిగే కోళ్లకు ఈ లోటే ఉండదు. పెంకు గట్టిపడని తోలుగుడ్లు పెడుతుంటే దాణాలో కాల్షియం కూడా తక్కువైందేమో చూసుకోండి. ఆలిచిప్పల పొడి వేరే గిన్నెలో పెడితే కావలసినంత అవే తింటాయి.

## కప్పు వేసేటప్పుడు

వాలు ఎంత, చూరు ఎంత ఉండాలి?

తాటాకుకు నిటారు వాలు కావాలి, సుమారు 45 డిగ్రీలు. తక్కువైతే నీరు జారక ఆకు కుళ్లుతుంది. పెంకుకు 30 డిగ్రీల దగ్గర. రేకుకు పది పదిహేను డిగ్రీలు చాలు. చూరు మాత్రం ఏ కప్పుకైనా 3 అడుగులు బయటికి ఉంచండి. చిన్న గూటికి అంత చూరు చూడటానికి పెద్దగానే ఉంటుంది, మేస్త్రి రేకు దండగ అంటాడు. వినవద్దు. ఎండనూ జల్లునూ ఆపేది అదే. అది ఉంటేనే పక్కలు ధైర్యంగా తెరిచి ఉంచగలం.

గోడకూ కప్పుకూ మధ్య ఖాళీ వదిలితే పాములు రావా?

ఖాళీ వదలాలి, దానికి జాలీ కొట్టాలి. వేడి గాలి పైకే పోతుంది. దానికి దారి లేకపోతే కోళ్లు వాలిన ఎత్తులోనే నిలుస్తుంది. అర అంగుళం కళ్లున్న వెల్డ్ మెష్ తీసుకోండి. సన్న తీగతో అల్లిన ఆరు మూలల కోళ్ల వల కోళ్లను లోపల ఉంచుతుందే కానీ కుక్కనూ ముంగిసనూ బయట ఉంచలేదు. మెష్‌ను కర్ర లోపలి వైపు కాకుండా బయటి వైపు నుంచి బిగించండి. బయటి నుంచి తోసినప్పుడు మేకులు ఊడవు. నేల దగ్గర ఒక అడుగు లోతుకు పాతండి.

గాలివానకు కప్పు లేచిపోకుండా ఏం చేయాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు పెద్ద పెద్ద షెడ్ల కప్పులే ఎగిరిపోయాయి. అంతటి గాలిని పెరటి గూడు తట్టుకోదు. ఆ హెచ్చరిక వచ్చిన రోజు కోళ్లను ఇంట్లో గంపల కింద ఉంచడమే దారి. మామూలు గాలివానలకు మాత్రం సిద్ధం కావచ్చు. రేకులను మేకులతో కొట్టకుండా, వాషరు ఉన్న జె బోల్టులతో ఇనుప గొట్టానికి బిగించండి. బోల్టు రేకు మడత గట్టు మీద పడాలి, పల్లంలో కాదు. పల్లంలో వేసిన ప్రతి రంధ్రమూ కారుతుంది. స్తంభాలను నేలలో రెండడుగులు దింపి కాంక్రీటు పోయండి. కప్పు మీద రాళ్లు పెట్టే అలవాటు ప్రమాదం, గాలికి రాయి ముందు ఎగిరి పడుతుంది.

గుడ్లు పెట్టే చోటుకు వెలుతురు కావాలా?

వద్దు. పెట్ట మసక చీకటిని వెతుక్కుంటుంది. అందుకే మంచం కిందా, బియ్యం బస్తాల వెనకా దూరుతుంది. గుడ్ల పెట్టెను పడమటి మూసిన గోడ దగ్గర, ముందు గోనె ముక్క వేలాడదీసి పెట్టండి. ఎండ నేరుగా పడే పెట్టెలో పగిలిన గుడ్డు మెరుస్తూ కనిపిస్తే ఒక కోడి పొడుస్తుంది, దాన్ని చూసి మిగతావి నేర్చుకుంటాయి. ఆ అలవాటు పడ్డాక మాన్పించడం చాలా కష్టం.

## కోళ్లు చేరాక

ఉదయం ఎండలో ఒక రెక్క, ఒక కాలు చాచి పక్కకు ఒరిగి పడుకుంటున్నాయి. జబ్బా?

కాదు, అది ఎండ కాగడం. ఈకలు విప్పార్చి, కళ్లు సగం మూసి, చచ్చినట్టే పడి ఉంటాయి. దగ్గరికి వెళ్తే లేచి దులుపుకుని పోతాయి. ఆ చోట బూడిద, పొడి మట్టి పోస్తే దుమ్ము స్నానం కూడా చేస్తాయి, పేలు తగ్గుతాయి. లేపినా లేవకుండా, మెడ వాల్చి, ముక్కు నేలకు ఆనించి కూర్చుంటే మాత్రం వెంటనే పశువైద్యుడికి చూపించండి.

డిసెంబరులో గుడ్లు తగ్గాయి. బల్బు పెట్టనా?

హైదరాబాద్‌లో పగలు డిసెంబరులో సుమారు 11 గంటలు, జూన్‌లో 13 గంటలు దాటి ఉంటుంది. పెట్టలు జోరుగా పెట్టాలంటే 14 గంటలు కావాలి. గ్రామప్రియ వంటి గుడ్ల రకాలకు బల్బు పనిచేస్తుంది. తెల్లవారుజామున 4 గంటలకు వెలిగేలా టైమరు పెట్టండి, పసుపు వెలుతురు చిన్న బల్బు చాలు. సాయంత్రం వెలిగించి హఠాత్తుగా ఆపితే కోళ్లు కర్ర ఎక్కక ముందే చీకటి పడి, నేల మీదే గుమిగూడతాయి. నాటు పెట్ట సంగతి వేరు: పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చోవడం దాని స్వభావం, బల్బు దాన్ని మార్చదు. ఐదు నెలలు నిండని పెట్టలకు అదనపు వెలుతురు పెట్టవద్దు. ఒళ్లు ఎదగకముందే గుడ్డుకు వచ్చి ఇబ్బంది పడతాయి.

వీధి దీపం వెలుతురు గూటిలో పడుతోంది. పుంజు అర్ధరాత్రి కూయడానికి అదే కారణమా?

కొంత వరకు కారణమే. అయితే తెల్లవారుజాము కూతకు వెలుతురు అవసరం లేదు, పుంజు ఒంట్లోనే గడియారం ఉంది. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో మసక వెలుతురులోనే ఉంచిన పుంజులు కూడా వేళకు కూయడం చూపించారు. వీధి దీపం, బండి లైట్లు మాత్రం వేళ కాని వేళ కూతకు దారితీస్తాయి. ఆ వైపు జాలీకి రాత్రి పూట గోనె తెర దించండి.

చూరు కర్రల సందుల్లో పిడుదులు చేరాయి. కప్పు తీసేయాలా?

ముందే తీయనక్కర్లేదు. అవి పగలు సందుల్లో దాగి, రాత్రి కోడి మీదకు వస్తాయి. కోళ్లను బయటికి పంపి, ఊకంతా తీసి కాల్చేయండి. వాసాలకూ వాలే కర్రలకూ చిక్కటి సున్నం ప్రతి సందులోకీ దిగేలా పూయండి, పది రోజులకు మళ్లీ పూయండి. తాటాకు కప్పు పాతబడి ఉంటే మాత్రం ఆ ఏడాది మార్చడమే మేలు.

## ఎండాకాలం, వానాకాలం

రోహిణి కార్తెలో గూటిని ఎలా చల్లగా ఉంచాలి?

రోళ్లు పగిలే ఎండలని ఊరికే అనలేదు. కోడికి చెమట పట్టదు, ఒంటి వేడే సుమారు 41 డిగ్రీలు. నోరు తెరిచి రొప్పడం, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టడం, నీడా నీళ్లూ వెతుక్కోవడం తప్ప దానికి దారి లేదు. ఉగాదికి ముందే రేకు మీద సున్నం వేయండి. కాస్త ఫెవికాల్ కలిపితే పట్టి ఉంటుంది. పైన నాలుగంగుళాల వరి గడ్డి పరచి, ఎగరకుండా పాత వల కట్టి, పదకొండుకూ రెండుకూ తడపండి. పడమటి వైపు తడి గోనెలు కట్టండి. నీళ్ల కుండ మట్టిది పెట్టి నీడలో ఉంచండి. దాణా పొద్దున్నే, మళ్లీ సాయంత్రం వేయండి. మధ్యాహ్నం తిన్న తిండి ఒంటి వేడిని ఇంకా పెంచుతుంది.

నీళ్లు చల్లుతున్నా కోళ్లు రొప్పుతూనే ఉన్నాయి, ఎందుకు?

గాలి ఆడకపోతే తడి ఉక్కగా మారుతుంది. కోస్తా ఊళ్లలో గాలిలోనే తేమ ఎక్కువ. అక్కడ గూటి లోపల నీళ్లు చల్లితే మేలు కన్నా కీడే ఎక్కువ. కప్పు పైన మాత్రమే తడిపి, లోపలికి ఫ్యాను పెట్టండి. రామగుండం, రెంటచింతల వంటి పొడి ఎండల చోట తడి గోనెలు బాగా పనిచేస్తాయి.

కప్పు మీదకు సొరపాదు పాకించవచ్చా?

తప్పకుండా. ఫిబ్రవరిలో విత్తనం వేస్తే ఏప్రిల్ నాటికి ఆకు కమ్ముతుంది. తాటాకు మీద నేరుగా పాకిస్తే ఆకు కింద తేమ నిలిచి కప్పు కుళ్లుతుంది. రేకు మీద లేత తీగ కాలిపోతుంది. కప్పుకు అడుగు ఎత్తున వెదురు పందిరి వేసి దాని మీదకు ఎక్కించండి. మొదలు చుట్టూ ముళ్ల కంప కట్టకపోతే మొలకను కోళ్లే తినేస్తాయి. వానలు ముదిరాక తీగ తీసేస్తే వెలుతురు మళ్లీ వస్తుంది.

జల్లు కొడుతోందని పట్టా కడితే లోపల చీకటి, వాసన. ఏం చేయాలి?

పట్టాను పై నుంచి కిందికి వేలాడదీయకండి. కింది అంచును గోడకు బిగించి, పై అంచుకు తాడు కట్టి కింది నుంచి పైకి లాగేలా పెట్టండి. జల్లు కొట్టే ఎత్తు వరకు లాగి ఆపితే పైన అడుగు మేర తెరిచే ఉంటుంది; వెలుతురు వస్తుంది, ఘాటు పోతుంది. గాలివాటం లేని వైపు పట్టా అసలు లాగవద్దు. వాన వెలిసిన వెంటనే దించండి. ఊక తడిస్తే పై పొర మాత్రమే తీసి, గుప్పెడు పొడి సున్నం చల్లి, కొత్త ఊక రెండంగుళాలు పోయండి.